నేలకు నాలుగు వేళ్ల ఎత్తు

మా మరిది ఆ కారు స్ప్రింగులు కోసిన రోజు ఇంట్లో ఎవరం అడ్డు చెప్పలేదు. చెప్తే వినేవాడనీ కాదు. బస్సు డిపోలో మెకానిక్కు. పొద్దస్తమానం బస్సుల కింద వెల్లకిలా పడుకునేవాడికి ఎత్తు బళ్లంటే మొహం మొత్తిందో ఏమో, ఎవరో వదిలించుకున్న పాత కారొకటి తెచ్చుకుని, నాలుగు స్ప్రింగులకూ చుట్టున్నర చొప్పున కోసేసి, దాన్ని నేలకు నాలుగు వేళ్ల ఎత్తున కూర్చోబెట్టాడు. ఎర్ర రంగు వేశాడు. వెనక అద్దం మీద తెల్ల అక్షరాలతో 'తొందర లేదు' అని రాశాడు. సాయంత్రం పూట వాడొక్కడూ దాన్ని పోనిచ్చుకుంటూ వస్తుంటే వీధి వీధంతా పని ఆపి చూసేది. బాగానే ఉండేది, అబద్ధమెందుకు. ఎక్కడమే కష్టం. "ఇది కారెక్కడం కాదే, కార్లోకి దిగడం" అనేవారు మా ఆయన. ఆయన పని చేసే కలప అడితి మా ఇంటి వెనకే కాబట్టి ఆయనకు కారుతో పని లేదు, వెక్కిరింతతోనే పని.

నేను కాపురానికొచ్చేనాటికి మరిది ఇంకా నిక్కర్లలో ఉన్నాడు. అందుకే నాకు వాణ్ణి 'వాడు' అనే చనువు. నాకు గేరు మార్చడం నేర్పిందీ వాడే, ఆ కారు మీదే. ఒక్కరుంటే అది జారినట్టు పోయేది. ఇద్దరైతే సర్దుకునేది. ముగ్గురైతే మూలిగేది. అయిదుగురితో దాన్ని నడపాల్సిన రోజు వస్తుందని వాడూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

ఎండలు ముదురుతుండగా బస్సుల సమ్మె మొదలైంది. డిపోలో పదకొండు మందిని ఉన్నపళాన తీసేశారు, వాళ్లను వెనక్కి తీసుకుంటే తప్ప చక్రం కదలదన్నారు. డిపో గేటు పక్కన టెంటు వేశారు. మెకానిక్కులందరూ తమ తమ స్పానర్లు తెచ్చి టెంటులో పరిచిన దుప్పటి మీద పెట్టి, సమ్మె తేలేదాకా పనిముట్టు ముట్టమని అందరి ముందూ మాట ఇచ్చారు. మా వాడి స్పానర్లు ముందు వరసలో ఉండేవి. వాడూ ముందు వరసలోనే కూర్చునేవాడు. చదువు మధ్యలో ఆపి షెడ్డులో చేరినవాడు, ఊళ్లో వాడికంటూ ఉన్న పరువల్లా ఆ టెంటులో ఆ చాప మీదే ఉంది. ఆ ఎండాకాలం మా ఇంట్లో పోతే పోయేది అదొక్కటే అని నాకు మొదటి నుంచీ తెలుసు.

నేను బట్టల ఫ్యాక్టరీలో చొక్కాల చేతులు కుట్టేదాన్ని. మా వీధి నుంచి ఇంకో నలుగురు వచ్చేవారు. కాలర్ల అక్క, ఆమె కోడలు, ఇస్త్రీ బాబాయి, గుండీల పిన్ని. ఎవరి పని పేరుతో వాళ్లను పిలవడం మా లైనులో అలవాటు. గేటు ఎనిమిదికి మూస్తారు. అప్పుడు పెద్ద ఆర్డరు నడుస్తోంది. అది అయ్యేలోగా మూడు లేట్లు పడితే పేరు కొట్టేస్తామని గోడ మీద అంటించారు. సమ్మె మొదటి రెండు రోజులూ నడిచివెళ్లాం. నాకూ బాబాయికీ ఒక్కో లేటు పడింది. పిన్నికి మోకాళ్లు పోయి చాలా ఏళ్లయింది, ఆమెకు రెండు రోజులూ పడింది. అక్కా కోడలూ ఎవరి బండి వెనకో కూర్చుని వచ్చి తప్పించుకున్నారు, అదీ వేరువేరు బళ్ల మీద. వాళ్లిద్దరికీ మాటల్లేవు.

రెండో రోజు సాయంత్రం మరిది నా చేతిలో తాళం పెట్టాడు. మన వీధివాళ్ల నలుగురినే ఎక్కించుకోమన్నాడు, దారిలో ఎవరు చెయ్యెత్తినా ఆపొద్దన్నాడు, ఎవరి దగ్గరా ఏమీ తీసుకోవద్దన్నాడు.

"అది బస్సు కాకూడదు వదినా. చుట్టాలు కలిసి పోతున్నట్టుండాలి, అంతే."

సరేనన్నాను. అంత తేలిక పని లోకంలో లేదనుకున్నాను.

మర్నాడు పొద్దున్న ఏడింటికి ఎక్కడమే ఒక ప్రహసనమైంది. మర్యాదను బట్టి కాదు, బరువును బట్టి కూర్చోబెట్టాలి. వెనక బరువైతే చక్రాలు రాసుకుంటాయి కాబట్టి అక్క ముందు సీట్లో. "ముందు కూర్చోబెట్టావంటే గౌరవమనుకున్నాను, తూకమా?" అంది. వెనక మిగిలిన ముగ్గురూ. బాబాయి ఓ తలుపుకి అతుక్కుని, చొక్కా నలక్కుండా, ఇస్త్రీ చేసిన గుడ్డలాగే కూర్చునేవాడు. వీధి మలుపులోనే మొదటి స్పీడు బ్రేకర్ వచ్చింది. కింద నుంచి కర్రుమన్న చప్పుడుకి నా పళ్లు జివ్వుమన్నాయి. వెనక్కి తీసి అందరినీ దింపాను. ఖాళీ కారు ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కించి దాటించాను. అవతల ఆగాను. నలుగురూ నడిచివచ్చి మళ్లీ ఎక్కారు. తా దూర కంత లేదు, మెడకో డోలు.

ఫ్యాక్టరీ దాకా అలాంటివి ఆరున్నాయి. ఆరుసార్లు దిగడం, ఆరుసార్లు ఎక్కడం. ఆ సీట్లోంచి అక్క తనంతట తాను లేవలేదు. మొదటి రోజు బాబాయి లాగాడు. రెండో రోజు నుంచి కోడలే వచ్చి, మొహం పక్కకి తిప్పుకుని చెయ్యిచ్చేది. అత్తా మొహం పక్కకే తిప్పుకుని ఆ చెయ్యి పట్టుకుని లేచేది. పిన్ని పిట్టంత మనిషి, నువ్వు దిగకపోయినా కారుకి తెలియదు కూర్చో అన్నా వినేది కాదు. దిగితే అందరం దిగుదాం అనేది, మోకాలి మీద చెయ్యి వేసుకుని.

అయిదోది డిపో గేటు ముందుంది. లోపల్నుంచి బస్సులు బయటకొచ్చేటప్పుడు ఊరి బళ్లు ఆగాలని డిపో వాళ్లే దాన్ని జానెడెత్తున పోయించారు. దానికెదురుగా టెంటు.

మొదటి రోజు అక్కడ మావాళ్లు దిగుతుంటే సమ్మెవాళ్లంతా గొల్లుమన్నారు. ఓ కండక్టరు లేచి నిలబడి, నోట్లో విజిలున్నట్టు బుగ్గలు పూరించి, దిగేవాళ్లు దిగాకే ఎక్కండమ్మా అన్నాడు. అందరికన్నా పెద్ద డ్రైవరు, తెల్ల మీసాలాయన, ఈ ఊళ్లో ఇప్పుడు నడుస్తున్న సర్వీసు ఇదొక్కటే గదరా అని నవ్వాడు. మా వాడూ నవ్వాడు. కాలరు సర్దుకుని మరీ నవ్వాడు. అది వాడి చేతిపని కదా.

వారం గడిచేసరికి ఆ మాటే ఎవరూ నవ్వకుండా అనడం మొదలుపెట్టారు. ఈ ఊళ్లో నడుస్తున్న సర్వీసు ఇదొక్కటే.

తప్పు నాదా అంటే చెప్పలేను. దారిన పోయే కార్లు వంద పోయాయి, మనుషుల్ని వేసుకుని. అవి సర్రున టెంటు దాటిపోయేవి, లోపలున్నదెవరో ఎవరికీ తెలిసేది కాదు. మాది ఒక్కటే పొద్దున్నా సాయంత్రం సరిగ్గా టెంటు ముందు ఆగి, మనుషుల్ని ఒక్కొక్కరినే దింపి, చూపించి, లెక్కపెట్టుకోమన్నట్టు మళ్లీ ఎక్కించుకునేది. కావాలని చేసినా అంత పద్ధతిగా చేయలేం. రెండు రోజుల పాటు డిపోకి ముందున్న సందులోనే దింపేసి, వాళ్లను టెంటు దాటేదాకా నడిపించి, అవతల ఎక్కించుకున్నాను. అది ఇంకా అన్యాయమైంది. మామూలుగా నడిచేవాళ్లను ఒకరో ఇద్దరో చూస్తారు, దొంగల్లా నడిచేవాళ్లను అందరూ చూస్తారు. పైగా పిన్ని ఆ కాస్త దూరానికే రెండుచోట్ల ఆగి గోడ పట్టుకుంది. గేటు మూయడానికి రెండు నిమిషాలుందనగా చేరాం. కాలవగట్టు దారి పట్టి చూశాను. ఎండిన బండి జాడల మధ్య కారు కడుపు ఆనుకుని, నలుగురూ తోస్తే గానీ కదల్లేదు.

నాలుగో వారం డిపో గేటుకి ఒక కాగితం అంటించారు. మేడ మీది కిటికీలోంచి మేనేజరు తీయించిన ఫొటో. ఎర్ర కారు, వెనక అద్దం మీద 'తొందర లేదు', తలుపు పట్టుకుని దిగుతున్న పిన్ని, ఇటు మా వాడు టెంటులో. ప్రయాణికులకు ఏ ఇబ్బందీ లేదనీ, సమ్మె చేస్తున్న కార్మికుల కుటుంబాలే వాళ్లను క్షేమంగా చేరవేస్తున్నాయనీ, అందుకు యాజమాన్యం కృతజ్ఞతలు తెలుపుతోందనీ కింద రాశారు. ఎవరో చదువుకున్నవాడే రాసినట్టున్నాడు. తిట్టివుంటే ఎంతో బాగుండేది.

ఆ సాయంత్రం చూస్తే మా వాడు ముందు వరసలో లేడు. ఎవరూ పొమ్మనలేదట, తనే లేచాడట. ఇంకో మూడు రోజులకి నీళ్ల డ్రమ్ము పక్కకి చేరాడు, చాప అయిపోయి నేల మొదలయ్యే చోటికి.

ఆదివారం మధ్యాహ్నం వాడు వసారాలో పడుకుని కప్పు చూస్తుంటే వెళ్లి పక్కన కూర్చున్నాను. స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు దిమ్మలు దూర్చితే కారు రెండు వేళ్లు లేస్తుందని వాడే ఒకప్పుడు చెప్పాడు. గంట పని. పాత ఎత్తు మొత్తం రాకపోయినా డిపో ముందు దిగకుండా పోవచ్చు. ఆ మాటే అడిగాను.

"నా స్పానర్లు దుప్పటి మీదున్నాయి వదినా."

"పక్కింట్లో అడిగి తెస్తాను."

"స్పానర్ ఎవరిదైతే ఏం, చెయ్యి నాదే కదా."

బజారు మెకానిక్కుని పిలవనా అన్నాను. పిలుచుకో అన్నాడు, కప్పు మీంచి చూపు తిప్పకుండా. పిలిచాను. వచ్చాడు, వంగి చూశాడు, కోసిన తీరు చూసి మెచ్చుకున్నాడు కూడా. తర్వాత చేతులు తుడుచుకున్నాడు, ఏమీ ముట్టకుండానే. తన బావమరిది టెంటులో ఉన్నాడనీ, ఈ కారు మీద చెయ్యి వేస్తే రేపు ఆ టెంటు ముందు తనూ దిగాల్సివస్తుందనీ చెప్పి వెళ్లిపోయాడు.

అయితే మానేస్తాను అన్నాను మా వాడితో. ఆపేస్తాను, నడిచిపోతాం.

వాడు అప్పుడు లేచి కూర్చున్నాడు. "పిన్నికి ఎన్ని పడ్డాయి?"

"రెండు."

పిన్నికి వెనకా ముందూ ఎవరూ లేరు. బడికి పోయే రోజుల్లో వాడి చొక్కాకి గుండీ ఊడితే వాళ్లమ్మ దగ్గరికి కాదు, ఆమె గడప దగ్గరికే పరిగెత్తేవాడు. ఆమె చొక్కా విప్పనివ్వకుండానే, ఒంటి మీదుండగానే కుట్టి, దారం పంటితో కొరికి పంపేది. "మానెయ్యమని నేనెలా అంటాను" అని మళ్లీ పడుకున్నాడు. మా ఆయన అడితి నుంచి వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, వెక్కిరించకుండా లోపలికి పోయారు. ఆయన వెక్కిరించలేదంటే ఇంట్లో పరిస్థితి మీకు అర్థమయ్యేవుంటుంది.

ముప్ఫై ఎనిమిదో రోజు పొద్దున్న, ఏడూ నలభై అయివుంటుంది, డిపో ముందు కారు నెమ్మది చేశాను. అక్క అప్పటికే తలుపు గడియ మీద చెయ్యి వేసింది. నీళ్ల డ్రమ్ము పక్కనుంచి మా వాడు లేచి రావడం కనిపించింది. చెప్పులు లేవు. టెంటులో మాటలు ఆగిపోయాయి. ముందురోజు అక్కడ ఎవరో వాణ్ణి మేనేజరు మనిషన్నారని నాకు తర్వాత తెలిసింది.

వచ్చి కారు పైకప్పు మీద చెయ్యి ఆనించాడు. అది వాడి గుండెల దాకా కూడా రాదు. నా కిటికీ దగ్గరకు బాగా వంగాడు.

"ఎవరూ దిగొద్దు" అన్నాడు.

అక్క తలుపు తీయబోతూ ఆగింది. రోడ్డు మీద పరాచికాలేమిటి నాయనా, టైమవుతోంది అంది. వాడు ఆమెను చూడలేదు.

"పోనీ వదినా."

"తగులుతుంది."

"తెలుసు."

"చాంబరు పగిలి ఆయిలంతా పోతుంది. కదలదిక."

"తెలుసు. పోనీ."

మొహం మామూలుగానే ఉంది. కళ్లు కూడా. చొక్కా పైగుండీ దగ్గర మెడ నరం మాత్రం కొట్టుకుంటోంది. అద్దంలోంచి వెనక్కి చూశాను. బాబాయి కిటికీ బయటకు చూస్తున్నాడు. కోడలు వాళ్ల అత్త జబ్బ పట్టుకుంది. పిన్ని అద్దంలోకి, సూటిగా నా కళ్లలోకే చూసింది. ఏమీ అనలేదు. ఒళ్లో ఉన్న టిఫిన్ డబ్బాను రెండు చేతులతో పొదివి పట్టుకుంది, కుదుపుకి మూత ఊడకుండా.

మొదటి గేరులో వేసి తొక్కాను.

ముందు చక్రాలు ఎక్కాయి. ఆ తర్వాత వచ్చిన చప్పుడు ఇనుముది కాదు, ఏదో బతికున్నదాన్ని ఈడ్చినట్టుంది. కారు నడుం మీద నిలబడిపోయింది, ముందు చక్రాలు అటు, వెనక చక్రాలు ఇటు. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగింది. దిగి చూస్తే స్పీడు బ్రేకర్ వాలు మీంచి నల్లటి ఆయిల్ నెమ్మదిగా దిగుతోంది. మా వాడు ఆ ఆయిల్ పక్కనే నిలబడ్డాడు. దాన్ని ఆపడం తెలిసినవాళ్లు ఆ టెంటులో ముప్ఫై మంది ఉన్నారు.

పెద్ద డ్రైవరు లేచాడు. ఆయన వెనక మిగిలినవాళ్లు. ఒక్క జాకీ లేదు, ఒక్క కడ్డీ లేదు. పాతిక ముప్ఫై మంది కారు చుట్టూ చేరి, కింద వేళ్లు దూర్చి, ఒక్క ఊపున లేపారు. అంతవరకు నా జన్మలో దాని కింద అంత వెలుతురు చూడలేదు. అడుగులో అడుగేసుకుంటూ మోసుకుపోయి గోడ వారగా దింపారు. దింపాక పెద్ద డ్రైవరు మా వాడి భుజం మీద చెయ్యి వేసి టెంటులోకి తీసుకుపోయాడు, ముందు వరసకి. ఆ చేతుల ఆయిలు మరక వాడి చొక్కా మీద అలాగే ఉండిపోయింది.

మాకు ఇక పది నిమిషాలుంది, కిలోమీటరున్నర నడక. అక్కనూ కోడలినీ పొమ్మన్నాను. వాళ్లు కొంగులు దోపుకుని పరిగెత్తి, గేటు మూసేలోపే అందుకున్నారు. బాబాయీ నేనూ పిన్నికి చెరో పక్కన చెయ్యి వేసి నడిపించాం. నన్ను వదిలేసి పొండర్రా అని ఒక్కసారి అంది, రెండోసారి అనలేదు, మాట్లాడితే ఆయాసం. గేటు చేరేసరికి ఎనిమిదీ పన్నెండు.

కాపలామనిషి రిజిస్టరు తిప్పాడు. నాకు రెండోది, బాబాయికి రెండోది. పిన్ని పేరు దగ్గర వేలు ఆపి, మావైపు చూసి, లోపల్నుంచి సూపర్‌వైజరుని పిలిచాడు. సూపర్‌వైజరు చెడ్డవాడేం కాదు. నేను చెప్పిందంతా విన్నాడు. బస్సులు లేకపోవడం విన్నాడు, కారు సంగతి విన్నాడు, ఇవాళ్టి ఆమె లేటు నా పేరున వేసుకుని ఆమెది తీసెయ్యమంటే అదీ విన్నాడు. గోడ మీద కాగితం తను రాసింది కాదన్నాడు.

పిన్ని తలూపింది. లోపల తన బల్ల సొరుగులో కళ్లజోడూ చిన్న కత్తెరా ఉన్నాయి, తెప్పిస్తారా అని అడిగింది. తెప్పించారు. గేటు ఊచల మధ్యనుంచి అందించారు.

ఆ సాయంత్రం మా వాడు వారాల తర్వాత కడుపునిండా తిన్నాడు. మా ఆయనతో హాస్యాలాడాడు. కారు పోతే పోయింది, రేపు నేలకు బారెడు ఎత్తున్న లారీ కొంటానన్నాడు. అన్నదమ్ములిద్దరూ నవ్వుతుంటే నేను గిన్నెలు కడుగుతూ నిలబడ్డాను. ఆ ఒక్క సాయంత్రమైనా ఉండనిద్దామనుకున్నాను. పొద్దున్న వాడు పళ్లు తోముకుంటున్నప్పుడు పిన్ని పేరు కొట్టేసిన సంగతి చెప్పాను. విన్నాడు. పుక్కిలించి, మొహం కడుక్కుని, తుడుచుకోకుండానే టెంటుకి పోయాడు.

ఎనిమిది రోజులకు సమ్మె తేలింది. పదకొండు మందిలో ఏడుగుర్ని తీసుకున్నారు. గెలిచామన్నవాళ్లు గెలిచామన్నారు, ఓడామన్నవాళ్లు ఓడామన్నారు, బస్సులు మాత్రం కదిలాయి. ఎర్ర కారుని పాత ఇనుము బండి పట్టుకుపోయింది. మరిది చూడ్డానికి వెళ్లలేదు.

డ్యూటీలో చేరే మొదటి రోజు పొద్దున్నే బస్సుకి ముందు పిన్ని దగ్గరికి పోదాం రా వదినా అన్నాడు. వెళ్లాం. పిన్ని చాప మీద కూర్చుని ఉంది. వీధివాళ్లు ఇచ్చిన చొక్కాలు రెండు పక్కన ఉన్నాయి, కళ్లజోడు ముక్కు చివర ఉంది. మమ్మల్ని చూసి కాళ్లు ముడుచుకుని చోటిచ్చింది. వాడు ఏదో చెప్పాలని వచ్చాడు. దారంతా పెదాలు కదుపుకుంటూ వచ్చాడు. పిన్ని సూదిలో దారం ఎక్కించబోతుంటే, ఫ్యాక్టరీలో అయితే అక్క కోడలు ఎక్కించి ఇచ్చేది అని నేనంటే, చప్పున చెయ్యి చాపి ఆ సూది తీసుకున్నాడు.

బస్సు ఇంజను విప్పి మళ్లీ బిగించగలిగే చేతులవి. దారం కొస నాలిక మీద తడిపి, సూదిని వెలుతురు వైపు పట్టుకుని, నాలుగుసార్లు గురి చూశాడు. అయిదోసారి దారం చీలిపోయింది. కొరికి మళ్లీ మొదలుపెట్టాడు. పిన్ని కాసేపు చూసింది. తర్వాత, "ఇలా ఇయ్యి నాయనా" అని తీసుకుని, జోడు తీసేసి, కళ్లు మూసుకుని, వేళ్లతో తడిమి ఎక్కించింది.

"నీకు డ్యూటీ టైమైంది. పో. మళ్లీ మొదటి రోజే లేటు పడితే బాగుండదు" అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే మాకు సుఖంగా ఉండేది.

రోడ్డు మీదికొచ్చి నిలబడ్డాం. అంత దూరంలో బస్సు కనిపిస్తోంది. వాడు బస్సునే చూస్తూ అడిగాడు.

"నేనంటే కళ్లు మూసుకుపోయి పోనీ అన్నాను. నీకు తెలుసు కదా వదినా, ఆమెకి రెండు పడ్డాయని. నువ్వెందుకు పోనిచ్చావు?"

వాడి కోసం అని చెప్పొచ్చు. అది నిజమే. పిన్ని ఒక్క మాట అనివుంటే ఆగేదాన్నని చెప్పొచ్చు, అదీ నిజమే. రెండూ ఆ రోడ్డు మీద చెప్పే మాటల్లా లేవు. బస్సొచ్చింది. ఎక్కాం. చాలా సీట్లు ఖాళీగా ఉన్నాయి. కూర్చోమని కండక్టరు రెండుసార్లు చెప్పాడు. ఇద్దరం పై కడ్డీ పట్టుకుని నిలబడే వెళ్లాం.